కారడం ఆగిపోయిన గది

మా అత్తగారి గదిలో నీళ్లు కారడం ఆగిపోయిన రోజున నాకు మొదటిసారి భయం వేసింది. కారుతున్నన్నాళ్లూ విసుగే తప్ప భయం లేదు. చుక్క పడే చోట గిన్నె పెట్టేదాన్ని, నిండితే పారబోసేదాన్ని. నీళ్లు ఎక్కడికి వస్తున్నాయో కంటికి కనిపించేది. ఆగిపోయాక అవి ఎక్కడికి పోతున్నాయో తెలియలేదు.

ఇది పుదుచ్చేరిలో, నెల్లితోపులోని మా అత్తవారింట్లో జరిగింది. నేను గూడూరు పిల్లని. డెబ్బైల మొదట్లో పెళ్లయి ఆ ఇంటికి వచ్చాను. తరతరాల కిందట అక్కడికి వెళ్లి స్థిరపడిన వ్యాపారుల కుటుంబం వాళ్లది. వీధిలో అరవం, ఇంట్లో తెలుగు. ఆ తెలుగు రాయడం మాత్రం ఎవరికీ రాదు. నేను పుట్టింటికి ఉత్తరం రాస్తుంటే మా అత్తగారు పక్కన కూర్చుని ఆ అక్షరాలను ముగ్గును చూసినట్టు చూసేవారు.

ఇల్లు పాతది. టేకు దూలాలు వరసగా వేసి, వాటి మీద పలచటి ఇటుకలు సున్నంలో నిలువుగా పేర్చి, పైన సున్నమూ ఇటుకముక్కలూ పోసి గట్టిగా కొట్టిన మిద్దె. అలాంటి మిద్దె వానకు కొంచెం తడుస్తుంది, ఎండకు మళ్లీ ఆరుతుంది. ఆరనిస్తే చాలు, దానికి ఏమీ కాదు. మా మామగారికి ఆ సంగతి బాగా తెలుసు. ఎండాకాలం చివర ఆయన బజారులో కొట్టు కట్టేసి వచ్చి, చెప్పులు విడిచి మిద్దె మీద మెల్లగా నడిచేవారు. పాదానికి బీట తగిలిన చోట సుద్దముక్కతో గీత గీసేవారు. బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ పోసి నూరిన సున్నంతో ఆ బీటలు పూడ్పించేవారు. తూముల్లో చేరిన ఆకులూ కాకి ఈకలూ తీయించేవారు. పిట్టగోడ సందులో రావి మొక్క మొలిస్తే వేరుతో సహా పెరికేదాకా కిందికి దిగేవారు కారు. మా ఆయనది కారైకాల్‌లో ఉద్యోగం, సెలవులకు వచ్చిపోయే మనిషి. అందువల్ల కొత్త కోడలినైన నేనే సున్నం గిన్నె పట్టుకుని మామగారి వెనక తిరిగేదాన్ని.

"వాన వచ్చేది తప్పుగాదమ్మా," అనేవారాయన. "అది పొయ్యేదానికి దోవ ఉండాలి. దోవ లేకపోతే ఇంట్లోకొచ్చి కూర్చుంటాది."

ఆయన ఒక వేసవిలో పోయారు. ఆ ఏడు మిద్దె మీదికి ఎవరూ వెళ్లలేదు.

ఇంటి బాధ్యత మా ఆయన అన్న, మా బావగారి మీద పడింది. ఆయనకు తట్టాంచావడిలో లేతు మిషన్ల వర్క్‌షాపు ఉండేది. ఇనుమూ సిమెంటూ అంటే నమ్మకం. సున్నం, బెల్లం, కరక్కాయ అంటే నవ్వు. మాట కరుకైనా తల్లి అంటే ప్రాణం. ఒకరోజు అత్తగారు బావి గట్టు మీద పాచికి జారి పడి తుంటికి దెబ్బ తగిలించుకున్నారు. ఆ రోజు బావగారు అన్నం ముట్టలేదు. "ఇంక ఈ ఇంట్లో ఎవురూ నీళ్లు చేదకూడదు" అన్నారు. అన్నట్టే బావికి మోటారు బిగించారు. మిద్దె మీద ఇటుకలతో టాంకీ కట్టించి లోపలా బయటా సిమెంటు పూయించారు. తల్లి మంచం దిగి నాలుగు అడుగులు వేస్తే స్నానాల గది వచ్చేలా, ఆమె గదికి ఆనించి గది కట్టి కుళాయి పెట్టించారు. పైపు దగ్గరగా ఉండాలని టాంకీని సరిగ్గా ఆమె గది నెత్తిన కూర్చోబెట్టారు.

టాంకీ కడుతున్నప్పుడు అత్తగారు ఒకే మాట అన్నారు. "మీ నాయన ఆ మిద్దె మీద వడియాల బండ గూడా పెట్టనిచ్చేవాడు గాదురా."

"ఆ కాలం వేరే, ఈ కాలం వేరే మా," అన్నారు బావగారు.

కుళాయిలోంచి మొదటిసారి నీళ్లు ధారగా పడినప్పుడు ఆమె రెండు చేతులూ కింద పెట్టి చిన్నపిల్లలా నవ్వారు. మేమూ నవ్వాం. బావి చేద అటక మీదికి వెళ్లిపోయింది. నేనూ, బావగారి భార్య అయిన మా తోడికోడలు అక్కా, చేతులకు కాయలు తగ్గాయని చూసుకుని మురిసిపోయాం.

మరుసటి వర్షాకాలానికి అత్తగారి గది పైకప్పులో మరక కనిపించింది. మొదట అరచేతంత. టీ ఒలికి ఆరినట్టు అంచులు గోధుమరంగులో ఉండేవి. నేను స్టూలెక్కి దాని చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. వానలు వెళ్లిపోయి ఎండలు వచ్చాయి. ఎండల్లో తగ్గవలసిన మరక, గీత దాటి పెరిగింది. అప్పుడు నాకు అర్థమైంది, అది వాన మరక కాదని. పైన ఏడాది పొడుగునా నిలిచి ఉండేవి టాంకీలోని నీళ్లు ఒకటే.

ఆ తర్వాత గదికి ఒక వాసన వచ్చింది. తడి గోనెసంచి వాసన. బీరువాలో మడతపెట్టిన చీరల అంచులు నల్లబడ్డాయి. గోడ మీద తెల్లటి ఉప్పు పొడి పూసి, చెయ్యి తగిలితే రాలేది. దూలం గోడలోకి దూరే చోట ఒకరోజు చెవి ఆకారంలో పుట్టగొడుగు లాంటిది మొలిచింది. నేను చీపురుతో కొట్టేశాను. వారం తిరిగేసరికి అదే చోట మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా పెద్దది. అత్తగారు మంచం మీద పడుకుని దానివైపే చూస్తూ, "అది వింటాండాదే అమ్మాయ్" అన్నారు. నవ్వించడానికే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

మా ఇంట్లో మరిది భార్య బావగారితో నేరుగా మాట్లాడే ఆనవాయితీ లేదు. ఏం చెప్పాలన్నా అక్కతో చెప్పించాలి. అక్కకు ఆయనంటే భయం. "నేను చెప్తే ఇంటారా? నువ్వు చూస్తాండావు గదా," అని తప్పించుకునేది. చివరికి చుక్కలు పడడం మొదలై, ఒక చుక్క అత్తగారి నుదుటి మీదే పడిన రోజున చెప్పింది.

బావగారు వెంటనే పనివాళ్లను పిలిపించారు. కానీ పైన టాంకీని ముట్టుకోలేదు. కింద, గది పైకప్పుకు, దూలాలతో సహా మందంగా సిమెంటు పూయించారు. దాని మీద తెల్ల సున్నం వేయించారు. మరక పోయింది. పుట్టగొడుగు పోయింది. నేను గీసిన పెన్సిలు గీత పోయింది. గది పెళ్లివారిల్లులా మెరిసింది. చుక్క పడడం ఆగిపోయింది.

"చూసినావా మా? ఇంక యాడనుంచి కారుతాది?" అన్నారు బావగారు తల్లితో. ఆయన మొహంలో సంతోషం చూస్తే ఎవరికీ ఏమీ అనబుద్ధి కాదు.

నేను గిన్నె తీసి లోపల పెట్టేశాను. ఆ రాత్రి నుంచే నాకు నిద్ర సరిగ్గా పట్టడం మానేసింది.

ఎందుకంటే టాంకీలో నీళ్లు తగ్గుతూనే ఉన్నాయి. సాయంత్రం నిండా పెట్టి కుళాయిలన్నీ కట్టేసినా, తెల్లారి చూస్తే లోపలి గోడ మీద తడి గీత ఒకచోట, నీళ్లు దాని కింద ఇంకోచోట. ఆ సంగతి ముందు పట్టుకున్నది అక్క. మోటారు వెయ్యవలసిన పని ఆమెదే.

"ఏంది ఇది, రోజుకు రెండు తడవలు మోటారు వెయ్యాల్సొస్తాంది," అంది.

"అక్కా, ఆ నీళ్లు కిందికి రావడం లేదు. మరి ఎక్కడికి పోతున్నాయి?"

ఇద్దరం తలెత్తి అత్తగారి గది పైకప్పు వైపు చూశాం. తెల్లగా, నున్నగా ఉంది. ఒక్క మచ్చ లేదు.

అక్క ఈసారి భర్తకు తనంతట తానే చెప్పింది. ఆయన కుళాయిలో వాషరు అరిగిందన్నారు. కొత్త వాషరు వేశారు. నీళ్లు తగ్గడం మానలేదు.

ఎనభైల మొదట్లో ఒక ఐపసి నెల, అంటే ఈశాన్య వానలు మొదలయ్యే రోజులు. అత్తగారి గది తలుపు పట్టేయడం మొదలైంది. మొదట కొంచెం నొక్కితే మూసుకునేది. తర్వాత భుజం పెట్టి తోయవలసి వచ్చింది. తడికి చెక్క ఉబ్బిందని అందరం అనుకున్నాం. కానీ అదే తడిలో ఉన్న మిగతా తలుపులు మామూలుగానే తిరుగుతున్నాయి. నేను దగ్గరికి వెళ్లి చూశాను. తలుపు ఉబ్బలేదు. తలుపు నెత్తిన ఉండే పై గడప మధ్యలో కిందికి వంగి ఉంది.

ఆ రోజు నేను ఆనవాయితీ పక్కన పెట్టి బావగారి ఎదురుగా నిలబడ్డాను. "అత్తయ్యను ముందు గదిలోకి మారుద్దాం. ఈ వానలు అయ్యేదాకా."

ఆయన నావైపు చూడకుండా, గోడకు సమాధానం చెప్పినట్టు చెప్పారు. "ముందు గదిలో పడుకుంటే స్నానాల గదికి అంత దూరం నడవాల. మళ్లా జారి పడితే ఎవురు చూస్తారు?"

అత్తగారు కూడా మారనన్నారు. "నా మొగుడు కాపరం చేసిన గది. ఈడనే ఉంటా."

ఇక మాకు తోచింది ఒకటే. అక్కా నేనూ మోటారు వేయడం మానేశాం. అటక మీది చేద దింపి, బావగారు వర్క్‌షాపుకు వెళ్లాక బావిలో నీళ్లు తోడుకున్నాం. టాంకీ దానంతటది ఖాళీ అయింది. నీళ్లు లేని ఆ కొద్ది రోజులు ఇంట్లో ఏదో బరువు దిగినట్టు అనిపించింది. తలుపు కూడా కాస్త వదులైందని అక్క అంది. నిజంగా అయిందో, మా ఆశో.

అప్పుడు రేడియోలో వాయుగుండం కబురు వచ్చింది. తీరం వైపు వస్తోందన్నారు. తుపాను వస్తే కరెంటు పోతుంది, కరెంటు పోతే మోటారు తిరగదు. అందుకని ఊళ్లో అందరూ చేసే పనే బావగారూ చేశారు. పొద్దున లేచి టాంకీ మూత తీసి చూశారు.

"నీళ్లు లేవే! మోటారు ఎందుకు వెయ్యలా?"

"కరెంటు రాలేదు," అంది అక్క. పెళ్లయ్యాక ఆయనతో ఆమె చెప్పిన మొదటి అబద్ధం అదేనని తర్వాత నాతో అంది.

ఆయన స్వయంగా మోటారు వేసి, టాంకీ పొంగి పొర్లేదాకా నింపారు. తర్వాత మిషన్లకు తార్పాలు కప్పి వస్తానని స్కూటర్ మీద తట్టాంచావడి వెళ్లారు.

మధ్యాహ్నానికి వాన దిగింది. అది చినుకులుగా మొదలై పెరిగిన వాన కాదు. ఒక్కసారిగా కమ్ముకుంది. వీధి అవతలి ఇల్లు కనిపించలేదు. అత్తగారు భోజనం చేసి, చలిగాలి కొడుతోందని గది తలుపు దగ్గరికి వేసుకుని పడుకున్నారు. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే ఎవరో వేళ్లు విరుచుకున్నట్టు టక్‌మన్న చప్పుడు వినిపించింది. కాసేపాగి మళ్లీ. ఆ చప్పుడు బయటినుంచి కాదు, ఇంటి లోపలినుంచి.

పరుగున వెళ్లి తలుపు తోశాను. కదలలేదు. అక్క వచ్చింది. ఇద్దరం కలిసి తోశాం. గోడను తోసినట్టే ఉంది. పై గడప బరువంతా తలుపు నెత్తిన కూర్చుంది.

వసారాలోకి తిరిగే కిటికీ దగ్గరికి వెళ్లాం. కిటికీకి నిలువు ఇనుప కమ్మీలు. లోపల అత్తగారు మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. భయపడిన మనిషిలా లేరు. తల కొంచెం వాల్చి, దూరంగా ఎవరో చెప్తున్న మాట వింటున్నట్టు ఉన్నారు.

"దూలం ఏందో మాట్లాడతాందే," అన్నారు.

తెల్లటి పైకప్పుకు అడ్డంగా వెంట్రుకలాంటి గీత పడి ఉంది. నేను చూస్తుండగానే అది సాగింది. దాని అంచున నీటి బొట్లు వరసగా కట్టాయి. ఇన్నాళ్లూ అక్కడే ఉన్నాయి అవి.

"అత్తయ్యా, మంచం దిగండి. ఈ కిటికీ దగ్గరికి, గోడ వారకు రండి. గది మధ్యలోకి రావద్దు."

"తుంటి లాగతాందే..."

"లాగినా రండి!" ఆమెతో నేను గొంతు పెంచడం అదే మొదలు, అదే ఆఖరు. ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి, కమ్మీల్లోంచి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి వేడిగా ఉంది, నాది చల్లగా ఉంది.

అక్క మిద్దె మీదికి పరుగెత్తింది. టాంకీ అడుగున నీళ్లు వదిలేసే పైపు ఒకటి ఉంది. కట్టిన రోజునుంచీ ఎవరూ దాన్ని తిప్పలేదు. ఉప్పుగాలికి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అక్క బకెట్టుతో నీళ్లు తోడి పారబోయడం మొదలుపెట్టింది. ఆమె ఒక బకెట్టు తీస్తుంటే ఆకాశం నాలుగు పోస్తోంది. ఆమె అడుగుల చప్పుడు మా తలల మీదే వినిపిస్తోంది. ఒక్కో అడుగుకూ పైకప్పులోని గీత వణికింది. నేను కేకపెట్టాను, ఆ వానలో ఆమెకు వినపడలేదు.

అప్పుడే బావగారి స్కూటర్ వచ్చింది. వీధిలోంచే ఆయనకు మిద్దె మీద, టాంకీ పక్కన నిలబడిన భార్య కనిపించింది. స్కూటర్ ఆపలేదు, అలాగే వదిలేశారు. అది నీళ్లలో పడిపోయింది. "దిగు! దిగు!" అని అరిచిన ఆ గొంతు ఆయనదని నేను గుర్తుపట్టలేదు. అక్క మెట్లు దిగి, "పైపు తిరగలేదయ్యా, ఎంత తిప్పినా తిరగలేదు," అంటూ ఏడ్చింది.

ఆయన పెరట్లోంచి గడ్డపార తెచ్చి తలుపు మీద పెట్టబోయారు. "తలుపు చట్టం కదిలించొద్దండీ, పైదంతా దాని మీదే ఉంది," అన్నాను. ఆయన నావైపు చూశారు. తలూపి, చట్టాన్ని వదిలేసి, తలుపు కింది చెక్కను పొడిచారు. పాత చెక్క, గట్టిది. చీలడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. కిటికీ దగ్గర అత్తగారి చెయ్యి నా చేతిలోనే ఉంది. ఆమె నా మొహమే చూస్తున్నారు, నేను పైకప్పును చూస్తున్నాను.

చెక్క ఊడింది. గోడ వారనే తలుపు దగ్గరికి వెళ్లమని అత్తగారి చెయ్యి వదిలి నేనూ అటు పరుగెత్తాను. ఆయన ఆ కంతలోంచి నడుందాకా లోపలికి దూరి, "మా, వంగు, వంగి రా," అని తల్లిని రెక్కపట్టుకుని లాగారు. అప్పుడు పైన పూసిన సిమెంటు పలక ఒకటి ఊడి ఆయన కుడి భుజం మీద పడింది. ఆయన ఎడమ చేత్తో తల్లిని లాగుతూనే ఉన్నారు. అక్కా నేనూ చెరో కాలూ పట్టుకుని ఆయన్ని ఇవతలికి ఈడ్చాం.

నలుగురం వీధి గుమ్మం చేరేసరికి వెనక పెద్ద నిట్టూర్పు లాంటి శబ్దం వచ్చింది. దాని వెనకే దబ్బున టాంకీ దిగింది. తలుపు కంతలోంచి నీళ్లు ఏరులా తన్నుకొచ్చాయి. ఎర్రటి ఇటుక పొడి కలిసి, మా పాదాల మధ్యగా వీధిలోకి పారాయి. అత్తగారి మంచం పట్టె ఒకటి ఆ నీళ్లలో తేలుతూ వచ్చి గడపకు అడ్డంపడింది.

ఎదురింటి వాళ్లు గొడుగులు పట్టుకుని వచ్చారు. అత్తగారు అరుగు మీద కూర్చుని, పైట కొంగుతో కొడుకు తల తుడుస్తున్నారు. "దెబ్బ తగిలిందా నాయనా? యాడ తగిలింది?" అని అడుగుతున్నారు. ఆయన ఆమె మోకాళ్ల మీద తల ఆనించారు.

వానలు తగ్గాక శిథిలాలు తీశారు. విరిగిన దూలం చివర, గోడలో ఉన్న భాగం, చూడడానికి బావగారే అడిగి తెప్పించుకున్నారు. పైకి టేకులాగే ఉంది. ఎడమ చేత్తో నలిపితే తడిసిన అటుకుల్లా విడిపోయింది. పూసిన సిమెంటు నీళ్లను కిందికి కారనివ్వలేదు, గాలి తగలనివ్వలేదు. నీళ్లు మధ్యలో కూర్చుని చెక్కను తిన్నాయి. ఆయన ఆ పొడిని చాలాసేపు వేళ్ల మధ్య రాస్తూ ఉండిపోయారు. భుజం ఎముక అతుక్కుంది కానీ ఆ చెయ్యి మళ్లీ తలపైకి లేవలేదు. క్రాపు ఎడమచేత్తో దువ్వుకోవడం నేర్చుకున్నారు.

మేం రెడ్డియార్‌పాళయంలో అద్దె ఇంటికి మారాం. అత్తగారు అక్కడ మూడు వానాకాలాలు చూశారు. ఎవరెంత చెప్పినా గదిలో పడుకోలేదు. వాన పడుతున్నంతసేపూ వసారాలో కూర్చుని చెవి పైకి పెట్టి వినేవారు. ఆమె పోయాక నెల్లితోపు ఇల్లు అమ్మేద్దామని అన్నదమ్ములు అనుకున్నారు. కూలిన గది అప్పటికే మళ్లీ కట్టించారు, మిగతా ఇల్లు పాతదే.

ఇల్లు చూడడానికి భార్యాభర్తలిద్దరు వచ్చారు. కొత్తగా పెళ్లయినవాళ్లు. ముందు గది చూసి ఆ అమ్మాయి ముచ్చటపడింది. బావగారు వాళ్లను గది గదికీ తిప్పారు. ఎక్కడ గోడ చెమ్మగిల్లుతుందో, ఏ దూలం చివర చెవి పెట్టి వినాలో, ఏ తూము పూడుకుపోతుందో చూపించారు. కూలిన గది దగ్గర నిలబడి జరిగింది జరిగినట్టు అరవంలో చెప్పారు. ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. అక్క ఆయన చొక్కా అంచు లాగి, "అంతా చెప్పేస్తే ఎవురు కొంటారు?" అని తెలుగులో గొణిగింది.

"చెప్పకుండా ఎట్ట ఇచ్చేది?" అన్నారాయన. తర్వాత వాళ్ల వైపు తిరిగి, తలెత్తి పాత దూలాల వరసను చూస్తూ అరవంలో మరో మాట అన్నారు. తనకు తెలిసినంతవరకు చెప్పాననీ, తెలియనిది ఆ కప్పులో ఇంకా ఎంత ఉందో తనకూ తెలియదనీ.